యంత్రముల మాట యంత్రములకు తెలియుట యెట్లు?

రేడియో గల ప్రతి యింటివారికిని ఒక సౌకర్యము ఎంత సహజముగా అలవడినదో తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. మన యింటి పెట్టె ఏ కార్ఖానాలో తయారైనదో ప్రసార కేంద్రమువారు అడుగరు. కేంద్రములోని యంత్రము ఏ దేశమునుండి వచ్చినదో మనమును అడుగము. మీట త్రిప్పి ముల్లును సరియైన చోట నిలిపిన చాలును, పాట వినవచ్చును. ఈ స్వేచ్ఛ యంత్రములతోపాటు పుట్టినది కాదు. మనుష్యులు కూర్చుండి, వాదించుకొని, ఒడంబడికలు చేసికొని సంపాదించినది. నేడు ఇండ్లలోనికిని, పొలములలోనికిని, నగర వీధులలోనికిని వచ్చుచున్న మరియొక తెగ యంత్రములకు ఇట్టి స్వేచ్ఛ ఇంకను పూర్తిగా చేకూరలేదు. అది చేకూరుటకు జరుగుచున్న ప్రయత్నమే ఈ ప్రసంగ విషయము.

దీపము, పంకా, తలుపు తాళము, నీటి మీటరు, గాలిలోని ధూళిని కొలుచు పరికరము - ఇట్టి వస్తువులలో చిన్న గణన యంత్రమును, చిన్న రేడియోను అమర్చి వాటిని అంతర్జాలమునకు కలిపినచో ఆ సముదాయమును 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అందురు. తెలుగున వస్తుజాలము అనవచ్చును. ఈ పేరును 1999లో కెవిన్ ఆష్టన్ అను బ్రిటిషు సాంకేతిక నిపుణుడు వాడుకలోనికి తెచ్చెను. పేరుకంటె పని పాతది. 1980 తరువాతి తొలి సంవత్సరములలోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమువారు పానీయపు సీసాల నమ్ము యంత్రమొకదానిని తమ కంప్యూటరునకు కలిపి, సీసాలు కలవో లేవో, చల్లబడినవో లేదో కూర్చున్న చోటినుండియే తెలిసికొనెడివారు. 1990లో జాన్ రామ్‌కీ అను నతడు రొట్టె కాల్చు యంత్రమును అంతర్జాలము ద్వారా నడిపి చూపెను. ఆ ప్రదర్శన జరిగిన సభ పేరు 'ఇంటరాప్'. వేర్వేరు సంస్థల యంత్రములు కలిసి పనిచేయవలెనను ఆశయమునుండియే ఆ పేరు పుట్టినది. ఆ తరువాత ముప్పది యేండ్లు గడచినను యంత్రముల సంఖ్య పెరిగినంతగా వాటి పొత్తు పెరుగలేదు.

కారణము తెలియుటకు రేడియో చరిత్రలోని ఒక ఘట్టమును జ్ఞాపకము చేసికొనుట మంచిది. ఇరువదవ శతాబ్దారంభమున తీగలేని తంతి కొత్తగా ఓడలకెక్కినది. మార్కొని సంస్థవారు తమ యంత్రములను తమ ఉద్యోగులతోసహా ఓడలలో ఏర్పాటు చేయుచు, అన్య పద్ధతుల యంత్రములతో వార్తలు నెరపరాదని తమవారికి నియమము పెట్టిరి. 1902లో జర్మను చక్రవర్తి తమ్ముడు హెన్రీ యువరాజు అమెరికా పర్యటన ముగించుకొని ఓడలో తిరిగిపోవుచు, అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టునకు మర్యాదపూర్వకమైన సందేశము పంపగోరెను. ఓడలోనిది జర్మను యంత్రము. తీరమున నున్నది మార్కొని కేంద్రము. తరంగములు అవియే, మోర్సు సంకేతమును అదియే. అయినను తీర కేంద్రము ఆ సందేశమును స్వీకరింపలేదు. ఈ వ్యవహారము పెద్ద వివాదమై, 1903లో బెర్లినులో తొలి సమావేశమునకును, 1906లో అచ్చటనే అంతర్జాతీయ ఒడంబడికకును దారితీసినది. యంత్రము ఏ పద్ధతిదైనను తీర కేంద్రములును ఓడలును పరస్పరము వార్తలు ఇచ్చిపుచ్చుకొనవలసినదేయని ఆ ఒడంబడిక విధించినది. ఆపదలోనున్న ఓడలకు 'ఎస్.ఓ.ఎస్.' సంకేతమును అంగీకరించినదియు ఆ సభయే.

ఈ కథలో మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. రెండు యంత్రములు మాటాడుకొనకపోవుటకు కారణములు రెండు: చేతగాకపోవుట ఒకటి, ఇష్టము లేకపోవుట రెండవది. చేతగానితనమును శాస్త్రజ్ఞులు తీర్పగలరు. ఇష్టము లేమిని తీర్చుటకు ఒడంబడికయో, చట్టమో, కొనువారి పట్టుదలయో కావలెను. వస్తుజాలములో ఈ రెండు చిక్కులును పెనవేసికొని యున్నవి.

ఒక గృహమును ఊహింతము. వంటయింటిలో పొగను కనిపెట్టు పరికరము ఒక సంస్థది. దీపములు మరియొక సంస్థవి. వీధి తలుపు తాళము మూడవ సంస్థది. ఒక్కొక్కటి తన పని తాను చక్కగా చేయుచున్నది. రాత్రివేళ పొగ లేచినప్పుడు దీపములన్నియు వెలిగి, తలుపు గడియ తీసికొన్నచో, ఇంటిలోని వృద్ధులు సురక్షితముగా వెలుపలికి రాగలరు. మూడు పరికరములును ఒకే కప్పు క్రింద, పది అడుగుల దూరములో కలవు. కాని పొగను కనిపెట్టిన పరికరము మొదట తన సంస్థవారి దూరదేశపు కంప్యూటరునకు కబురు పంపును. ఆ కంప్యూటరు మన చేతి ఫోనులోని ఆ సంస్థ ఆప్‌నకు తెలుపును. దీపము ఈ కబురును ఎరుగదు. తాళము అసలే యెరుగదు. మూడు సంస్థలకు మూడు ఆప్‌లు, మూడు ఖాతాలు, మూడు రహస్య పదములు. ఇట్టి ఒక్కొక్క సంస్థ పరిధినే సాంకేతికులు ప్లాట్‌ఫారము, అనగా వేదిక, అందురు. వేదికల నడుమ గోడ లున్నవి.

ఆ గోడలు ఎన్ని అంతరువులుగా నున్నవో చూతము.

మొదటి అంతరువు రేడియో తరంగములది. కొన్ని పరికరములు ఇంటిలోని వైఫైని వాడును, కొన్ని బ్లూటూత్‌ను, కొన్ని జిగ్బీని. ఈ మూడును 2.4 గిగాహెర్ట్జుల చాయలోనే పనిచేయగలిగినను తరంగముపై మాటను ఎక్కించు రీతి వేర్వేరు. జీవేవ్ అను మరియొక పద్ధతి ఇంకను తక్కువ పౌనఃపున్యమును వాడును. మధ్య తరంగములపై వచ్చు ప్రసారమును ఎఫ్.ఎం. పెట్టెలో వినజాలము గదా, ఇదియు అట్టిదే.

రెండవ అంతరువు సందేశమును చేరవేయు పద్ధతిది. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అను నిరువురు, ఎడారులగుండ పోవు చమురు గొట్టములను ఉపగ్రహము ద్వారా గమనించుటకై 'ఎంక్యూటీటీ' అను పద్ధతిని రూపొందించిరి. ఇందులో కబురు పంపువాడు నేరుగా వినువానికి పంపడు. నడుమనున్న మధ్యవర్తికి ఒక శీర్షికతో అందించును. ఆ శీర్షిక కావలెనని ముందే చెప్పుకొన్నవారికెల్ల మధ్యవర్తి పంచిపెట్టును. పరికరమే చిన్న సర్వరువలె అడిగినదానికి బదులిచ్చు పద్ధతి మరియొకటి కలదు. దాని పేరు 'కోయాప్', 2014లో ప్రమాణముగా వెలువడినది. రెండును మంచివే. అయినను ఒకటి వార్తాపత్రికకు చందా కట్టినట్టిది, రెండవది తలుపు తట్టి అడిగినట్టిది.

మూడవ అంతరువు అర్థమునకు సంబంధించినది. సూక్ష్మమైనది, అన్నిటికంటె కఠినమైనది. తరంగము కలిసినది, సందేశము చేరినది. అందులో '2750' అను సంఖ్య మాత్రమే యున్నదనుకొందము. అది ఉష్ణోగ్రతయా, గాలిలోని తేమయా? ఉష్ణోగ్రతయే యైనచో సెంటిగ్రేడా, ఫారెన్‌హీటా? జిగ్బీ వాడుకలో ఉష్ణోగ్రతను డిగ్రీలో నూరవ వంతులుగా పంపుదురు. కాబట్టి 2750 అనగా 27.50 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ నియమము నెరుగని యంత్రమునకు మన గది కొలిమివలె తోచును. ఇది వేళాకోళము కాదు. అమెరికా అంతరిక్ష సంస్థవారు కుజగ్రహమునకు పంపిన 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' 1999 సెప్టెంబరులో నాశనమైనది. భూమిపైని ఒక ప్రోగ్రాము తోపుడు బలమును పౌను-సెకండ్లలో లెక్కించి యిచ్చినది; దానిని అందుకొన్న ప్రోగ్రాము ఆ సంఖ్యలను న్యూటను-సెకండ్లుగా భావించినది. ఒకదానికి రెండవది సుమారు నాలుగున్నర రెట్లు తేడా. సందేశము సందేశముగా సరిగానే అందినది. అర్థము మాత్రము తప్పిపోయినది.

నాలుగవ అంతరువు నమ్మకము. తలుపు తాళమునకు ఎవరు చెప్పినను తెరచుకొనరాదు. తెరువుమని చెప్పుచున్నది నిజముగా ఆ యింటి పొగ పరికరమేనా, వీధిలోని దొంగ చేతి యంత్రమా అని తాళము పోల్చుకొనవలెను. 2016లో 'మిరాయ్' అను దుష్ట ప్రోగ్రాము, కార్ఖానాలో పెట్టిన రహస్య పదములను మార్చక వదలిన కెమెరాలు మున్నగు వేల కొలది పరికరములను వశపరచుకొని, ఆ సేనతో అంతర్జాలములోని ప్రముఖ స్థానములను కొన్ని గంటలు స్తంభింపజేసినది. పొత్తు కలుపుట యెంత అవసరమో, ఎవరితో కలుపుచున్నామో ఎరుగుటయు అంత అవసరము.

ఈ గోడలను దాటుటకు మూడు మార్గములు కలవు.

మొదటిది దుబాసీల మార్గము. పూర్వము మన రైళ్లలో ఈ మార్గమే యుండెను. సికిందరాబాదునుండి వాడి వైపు పోవు మార్గము బ్రాడ్‌గేజి, మన్మాడు వైపు పోవు మార్గము మీటరుగేజి. ఒకదాని వెడల్పు 1676 మిల్లీమీటర్లు, రెండవదానిది 1000. ఒక పెట్టెలోని బస్తాలను దింపి రెండవ పెట్టెలో ఎక్కింపక గత్యంతరము లేదు. వస్తుజాలములో ఈ బస్తాలు మార్చు కూలి పేరు గేట్‌వే. అది ఒక ప్రక్క జిగ్బీ మాట విని, రెండవ ప్రక్క అంతర్జాలపు భాషలో చెప్పును. పాత పరికరములకు ఇంతకంటె గతి లేదు. కాని వేదికలు పెరిగినకొలది దుబాసీల సంఖ్య మితిమీరును. పది వేదికలున్నచో, ఏ రెండింటికైనను పొత్తు కుదుర్చుటకు నలుబదియైదు జతల దుబాసీలు కావలెను. అందరికిని తెలిసిన భాష యొకటి యేర్పడినచో పదిమంది చాలును. ఈ చిన్న లెక్కలోనే ప్రమాణముల ఆవశ్యకత అంతయు ఇమిడి యున్నది.

రెండవది ఉమ్మడి కచ్చేరీ మార్గము. నగరములకు ఇది తగినది. వీధిదీపముల శాఖ యొక సంస్థ పరికరములను, నీటి సరఫరా శాఖ మరియొక సంస్థ పరికరములను, వాహనముల శాఖ వేరొక సంస్థ పరికరములను కొనును. ఎవరి లెక్కలు వారి గిడ్డంగిలో పడియుండును. ఈ స్థితిని తప్పించుటకై 2012లో ఐరోపా, అమెరికా, జపాను, చైనా, కొరియా దేశముల ప్రమాణ సంస్థలు కలిసి 'వన్ ఎం టు ఎం' అను ఏర్పాటును నెలకొల్పినవి. మన దేశపు టెలికాం ప్రమాణ సంస్థయగు టి.ఎస్.డి.ఎస్.ఐ. తరువాత దానిలో చేరినది. 2020లో భారత టెలికాం ఇంజనీరింగు కేంద్రమువారు ఆ ప్రమాణములను జాతీయ ప్రమాణములుగా స్వీకరించిరి.

ఈ ఏర్పాటు పనిచేయు విధము కచ్చేరీ పనివంటిది. ప్రతి పరికరమును మొదట తన పేరు నమోదు చేసికొనవలెను. తాను కొలిచిన విలువలను తన పేరిట నున్న అరలో ఉంచవలెను. ఎవరు ఏ అరను తెరువవచ్చునో అనుమతి పట్టిక యొకటి యుండును. ఏ అరలో కొత్త విలువ పడినను తమకు తెలుపుమని ఇతరులు ముందుగా కోరవచ్చును. ఇప్పుడు వర్షమును కొలుచు పరికరము ఎవరిదైనను, మురుగు కాలువలోని నీటిమట్టమును కొలుచునది ఎవరిదైనను, రెండింటి విలువలను ఒక్క చోట చూచి, ఏ వీధి మునుగనున్నదో ముందే చెప్పుట సాధ్యమగును. హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీవారు తమ ఆవరణమునే చిన్న నగరముగా భావించి ఒక ప్రయోగశాలను నడుపుచున్నారు. గాలి, నీరు, విద్యుత్తు, వీధిదీపములు మున్నగు వాటిని గమనించు పరికరముల విలువలను వన్ ఎం టు ఎం పద్ధతిపై ఒక్క చోటికి చేర్చుట అందలి ముఖ్య ప్రయత్నము.

మూడవది పుట్టుకతోనే ఒక భాష నేర్పు మార్గము. ఇండ్లకు ఇది తగినది. 2019 డిసెంబరులో అమెజాన్, ఆపిల్, గూగుల్ సంస్థలు, అంతవరకు ఎవరి వేదికను వారే పెంచుకొనుచున్నవి, జిగ్బీ కూటమితో చేతులు కలిపినవి. ఆ కృషి ఫలితముగా 2022 అక్టోబరులో 'మ్యాటర్' అను ప్రమాణము తొలి కూర్పు వెలువడినది. దీపములు, ప్లగ్గులు, తాళములు, ఉష్ణోగ్రతను అదుపు చేయు పరికరములు మొదట చేరినవి. 2023 అక్టోబరు కూర్పులో రిఫ్రిజిరేటరు, బట్టలుతుకు యంత్రము, పంకా, పొగ హెచ్చరిక పరికరము మున్నగునవి చేరినవి.

మ్యాటర్ చేసిన మేలు ఇట్టిది. వైఫై, ఈథర్‌నెట్, థ్రెడ్ అను మూడు దారులలో ఏదైనను సరే. వాటిపైని చిరునామా అంతర్జాలపు చిరునామాయే. అర్థము విషయమై, ప్రతి పరికరమును తాను చేయగల పనులను నిర్ణీత సముదాయములుగా ప్రకటించును. వెలిగించుట, ఆర్పుట ఒక సముదాయము. వెలుగును హెచ్చించుట, తగ్గించుట మరియొకటి. ఆ వెలుగు మట్టమును 254 వరకు గల అంకెలలోనే చెప్పవలెను. ఒకరు నూరు వంతులలో, వేరొకరు వేయి వంతులలో చెప్పుట కుదరదు. నమ్మకము విషయమై, ప్రతి పరికరమునకు కార్ఖానాలోనే ఒక ధ్రువపత్రము అమర్తురు. ఇంటికి తెచ్చినప్పుడు పెట్టెపైనున్న పదునొకండు అంకెల సంఖ్యనో, చుక్కల గడినో చూపినగాని అది ఇంటి జాలములో చేరదు. ఒకే పరికరము కనీసము ఐదు వేదికల ఆజ్ఞలను వేర్వేరుగా స్వీకరింపగలిగి యుండవలెనని నియమము. కావున భర్త ఫోను ఒక సంస్థది, భార్య ఫోను వేరొక సంస్థది యైనను, ఒకే దీపము ఇరువురి మాటయు వినును. అన్నిటికంటె ముఖ్యమైనది: ఆజ్ఞలు ఇంటిలోనే ఒక పరికరమునుండి మరియొకదానికి పోగలవు. వెలుపలి తీగ తెగినంతమాత్రమున దీపము మూగబోదు.

ఈ చివరి మాట విలువను కొందరు నష్టపోయి నేర్చుకొనిరి. అమెరికాలో రివాల్వ్ అను సంస్థ ఇంటి పరికరములన్నిటికి నడుమ నిలుచు పెట్టె నొకదానిని అమ్మినది. 2014లో నెస్ట్ సంస్థవారు దానిని కొనిరి. 2016 మే నెలలో సేవను నిలిపివేసిరి. పెట్టె చెడిపోలేదు, అయినను పనిచేయుట మానినది. 2022 ఏప్రిలులో ఇన్‌స్టియాన్ అను సంస్థ ముందు మాటయైనను లేక తన కంప్యూటర్లను ఆపివేయగా, అనేక గృహములలో దూరమునుండి దీపములు వెలిగించు సదుపాయము ఒక్కసారిగా పోయినది. కొన్ని వారములకు దానిని వాడుచుండినవారిలో కొందరే సంస్థను కొని సేవను పునరుద్ధరించిరి. ఇట్లు వస్తువు మన గోడకున్నను దాని ప్రాణము పరుల చేతిలో నుండుట వస్తుజాలములోని గొప్ప లోపము. పరస్పర పొత్తు ఆ లోపమునకు చికిత్స. ఒక సంస్థ పోయినను మరియొక సంస్థ మాటను వస్తువు వినగలుగును.

అయినను ప్రమాణము వెలువడగానే పని ముగిసినదని భావింపరాదు. ప్రతి సంస్థయు ప్రమాణములోని సామాన్య విషయములను ఇతరులకు ఇచ్చి, ప్రత్యేకములను తన ఆప్‌నకే దాచుకొనుట కద్దు. దీపమును వెలిగించుట అందరికిని సాధ్యమగును. అందులోని వింత రంగుల ఆటలు మాత్రము ఆ సంస్థ ఆప్‌లోనే దొరకును. ఒక వేదిక కొత్త కూర్పును త్వరగా స్వీకరించును, మరియొకటి జాప్యము చేయును. థ్రెడ్ రేడియోగల పరికరమునకు దానిని ఇంటి జాలముతో కలుపు మరియొక పరికరము కావలెను. పాత జిగ్బీ దీపములకు నేటికిని దుబాసీయే శరణ్యము. చేతగానితనము చాలవరకు తీరినది. ఇష్టము లేమి మాత్రము అక్కడక్కడ మిగిలి యున్నది.

దీనిని తీర్చు శక్తి కొంత కొనువారి చేతిలోనే కలదు. అంగడిలో ఇట్టి వస్తువును చేతికి తీసికొన్నప్పుడు గృహస్థులు నాలుగు ప్రశ్నలు వేయవలెను. అంతర్జాలము లేనప్పుడు ఇది పనిచేయునా? వేరొక సంస్థ ఆప్‌తో దీనిని నడుపవచ్చునా? లోపములను సరిదిద్దు కొత్త ప్రోగ్రాములను ఎన్ని యేండ్లు పంపుదురు? రేపు దీనిని విడిచిపెట్టదలచినచో, ఇంతవరకు కూడిన లెక్కలను వెంట తీసికొని పోవచ్చునా? నగర పాలకులు కొనుగోలు పత్రములలో ఈ ప్రశ్నలనే షరతులుగా వ్రాయవలెను. చౌకగా వచ్చినదని మూసిన పెట్టెలను కొన్నచో, మరమ్మతునకును విస్తరణకును తరువాత అదే అమ్మకందారుని గుమ్మమున నిలువవలసి వచ్చును.

ఈ ప్రశ్నలకు సూటియైన సమాధానము చెప్పలేని వస్తువు ఎంత అందముగా నున్నను, ఎంత చౌకగా నున్నను, తొందరపడి ఇంటికి తేవలసిన పని లేదు. అంగళ్లలో ఈ ప్రశ్న పదేపదే వినవచ్చినప్పుడు, సమాధానము చెప్పగల వస్తువులనే తయారుచేయుట సంస్థలకు లాభకరమగును. సముద్రముపై ఓడల క్షేమము కొరకు నూరేండ్లకు పూర్వము రాజ్యములు చేసిన ఒడంబడికవంటిదే, ఇండ్ల క్షేమము కొరకు నేడు అంగడిలో మన మాటతో కుదురవలసి యున్నది.